ఔత్సాహికులు పట్టిన జాజ్: మీట మీద చెయ్యి ఎవరిదో అడగండి

ప్రశ్న: "1940ల నుంచి చిన్న క్లబ్బుల్లో అభిమానులు సొంతంగా రికార్డు చేసుకున్న జాజ్ స్టూడియో రికార్డుల కన్నా అసలైనదని అంటారు. నిజమేనా? నాకైతే గరగర తప్ప ఏమీ వినపడటం లేదు. వేటితో మొదలుపెట్టాలి?"

సగం నిజం. వాద్యకారుడు టైము చూసుకోకుండా తన ఇష్టానికి వాయిస్తే ఎలా ఉండేదో తెలియాలంటే ఈ రికార్డింగులే దిక్కు. స్టూడియోలో అది చాలాకాలం దొరకలేదు. కానీ ఆ రాత్రి క్లబ్బులో ఏం జరిగిందో మొత్తం తెలుసుకుందామంటే వీటిని గుడ్డిగా నమ్మకండి. మైకు ఎక్కడ పెట్టాలో, మీట ఎప్పుడు నొక్కాలో, ఎప్పుడు ఆపాలో ఎవరో ఒకాయన తన అభిరుచిని బట్టి నిర్ణయించుకున్నాడు. మనకు మిగిలింది ఆయన చెవి. అందుకని "వాయించింది ఎవరు" అన్న ప్రశ్నతో పాటే "పట్టింది ఎవరు, ఎందుకు పట్టారు" అని కూడా అడగాలి. మొదలుపెట్టడానికి చార్లీ క్రిస్టియన్ 1941 రికార్డింగులు తీసుకోండి. ఎందుకో కింద చెబుతాను.

నేను ఉండేది న్యూజెర్సీలో. పాత స్పూలు టేపులు, చేత్తో కోసిన డిస్కులు డిజిటల్‌లోకి మార్చే పని చాలాకాలంగా చేస్తున్నాను. వచ్చేవాటిలో ఎక్కువ పెళ్లిళ్లు, చర్చి ప్రసంగాలు, మనవాళ్ల ఇళ్ల నుంచి వచ్చే కర్ణాటక కచేరీలు. మధ్యమధ్యలో జాజ్. కాబట్టి నా మాటలు సంగీత విమర్శకుడివి కావు, టేపు ముందు కూర్చునేవాడివి అనుకోండి.

అసలు స్టూడియోకు ఏం తక్కువైందని క్లబ్బుకు పోవాలి? పది అంగుళాల 78 రికార్డులో (నిమిషానికి 78 సార్లు తిరిగే పాత రికార్డు) ఒక పక్కన పట్టేది మూడు నిమిషాల చిల్లర. పాట మొదలు, పాడేవారుంటే వాళ్ల చరణం, నలుగురైదుగురి సోలోలు, ముగింపు, అన్నీ అందులోనే. కట్టె, కొట్టె, తెచ్చె. చార్లీ క్రిస్టియన్ బెన్నీ గుడ్‌మన్ బృందంలో ఎలక్ట్రిక్ గిటార్ వాయించేవాడు. ఆ రికార్డుల్లో అతని వంతు వచ్చేది ఒక చుట్టు (పాట వరస మొత్తం ఒకసారి), ఒక్కోసారి అందులోనూ సగం. చెవి నిక్కించేలోపు అయిపోతుంది.

అదే మనిషి పని ముగించుకుని హార్లెమ్‌లో 118వ వీధిలోని మింటన్స్ ప్లేహౌస్‌కు వెళ్లేవాడు. అక్కడ టెడ్డీ హిల్ అనే పాత బృంద నాయకుడు మేనేజరు. పియానో మీద థెలోనియస్ మంక్, డ్రమ్స్ మీద కెన్నీ క్లార్క్. ఎవరైనా ఎక్కి ఎంతసేపైనా వాయించవచ్చు. అక్కడికి జెర్రీ న్యూమన్ అనే కొలంబియా విశ్వవిద్యాలయం విద్యార్థి డిస్కులు కోసే యంత్రం మోసుకెళ్లేవాడు. 1941 మేలో అతను పట్టిన వాటిలో క్రిస్టియన్ చుట్టు మీద చుట్టు వేస్తూ పోతాడు. చిన్న పలుకు ఒకటి ఎత్తుకుని, దాన్నే తిప్పి తిప్పి, తాళం అడ్డంగా వేసి, చివరకు ఎక్కడో తేలతాడు. మన మనోధర్మ సంగీతం విన్నవాళ్లకు ఈ పద్ధతి కొత్తగా ఉండదు. మూడు నిమిషాల రికార్డులు మాత్రమే మిగిలి ఉంటే ఇతనికి ఇంత ఊపిరి ఉందని మనకు తెలిసేదే కాదు. 1942 మార్చిలో, పాతికేళ్ల వయసులో, క్షయతో పోయాడు.

అందులో 'స్వింగ్ టు బాప్' పేరుతో దొరికేది ముందు వినండి. ఆ పేరు తర్వాత రికార్డు వేసినవాళ్లు పెట్టింది. అసలు వాయిస్తున్నది 'టాప్సీ' అనే పాత పాట వరస. మొదలే సోలో మధ్యలో మొదలవుతుంది. ఏదో పోయిందనిపిస్తుంది, నిజంగానే పోయింది.

ఎందుకు పోయిందో తెలియాలంటే ఆ యంత్రం ఎలా పనిచేసేదో చూడాలి. అల్యూమినియం రేకు మీద మెత్తటి లక్క లాంటి పూత ఉంటుంది. డిస్కు తిరుగుతుంటే సూది ఆ పూతలో గాడి కోసుకుంటూ పోతుంది. కోసిన కొద్దీ నల్లటి సన్నని పోగు లేస్తుంది. దాన్ని బ్రష్షుతో మధ్యకు తోసేస్తూ ఉండాలి, లేకపోతే సూదికి చుట్టుకుని గాడి పాడవుతుంది. అంటే చీకట్లో, మందు గ్లాసుల మధ్య, ఒక చెవి సంగీతం మీద, ఒక కన్ను పోగు మీద. ఇంతలో డిస్కు నిండుతుంది. తిరగేసి సూది మళ్లీ దించేలోపు వాద్యకారుడు ఆగడు కదా. ఈ రికార్డింగుల్లో తలా తోకా తెగి ఉండటానికి ముఖ్య కారణం ఇదే. తరవాత యుద్ధం వచ్చి అల్యూమినియానికి కరువై గాజు పలకల మీద పూత వేశారు. అలాంటిది కింద పడితే ఇక అంతే.

న్యూమన్ పట్టిన ఆర్ట్ టేటమ్ పియానో కూడా ఉంది, 1940, 41ల్లో అర్ధరాత్రి దాటాక వాయించింది. అది 1973లో ఎల్పీగా వచ్చి, టేటమ్ పోయిన పదిహేడేళ్లకు గ్రామీ తెచ్చింది. అందులో టేటమ్ గొంతెత్తి బ్లూస్ పాడతాడు కూడా. స్టూడియోలో ఎవరూ పాడమని అడగని మనిషి.

ఈ రికార్డింగులు ముఖ్యం కావడానికి ఇంకొక కారణం చాలామంది మరచిపోతారు. 1942 ఆగస్టు 1 నుంచి అమెరికా సంగీతకారుల యూనియన్ రికార్డింగు సమ్మెకు దిగింది. రికార్డు కంపెనీల్లో డెక్కా 1943లోనే దారికి వచ్చినా, కొలంబియా, ఆర్‌సీఏ విక్టర్ 1944 నవంబరు దాకా దిగిరాలేదు. సరిగ్గా ఆ రెండేళ్లలోనే పెద్ద బృందాల డాన్సు జాజ్ అయిన స్వింగ్ నుంచి చిన్న బృందాల వేగవంతమైన జాజ్, బీబాప్, పుట్టుకొచ్చింది. స్టూడియో రికార్డులు వరసగా వింటే బీబాప్ ఆకాశం నుంచి ఊడిపడ్డట్టు ఉంటుంది. మధ్యలో మెట్లు ఏమైనా వినపడితే అవి న్యూమన్ లాంటివాళ్ల పుణ్యమే.

ఇప్పుడు రెండో సగం. గుడ్డిగా నమ్మవద్దని ఎందుకన్నానంటే, డీన్ బెనెడెట్టి కథ చూడండి.

ఇతను స్వయంగా శాక్సోఫోన్ వాద్యకారుడు. బీబాప్ శాక్సోఫోన్ దిగ్గజం చార్లీ పార్కర్ అంటే ప్రాణం. 1947 మార్చిలో లాస్ ఏంజెలెస్‌లోని హై-డి-హో క్లబ్బులో పార్కర్‌ను రాత్రి తరవాత రాత్రి పట్టాడు. 1948లో న్యూయార్క్ వెళ్లి త్రీ డ్యూసెస్‌లో, ఓనిక్స్‌లో పట్టాడు. మొదట డిస్కుల మీద, తరవాత కాగితం టేపు మీద. అవును, ప్లాస్టిక్ టేపులు వాడుకలోకి రాకముందు కాగితం మీదే అయస్కాంత పూత పూసేవారు. పార్కర్ వెనకాల తీగ రికార్డరు మోసుకుంటూ ఊరూరా తిరిగిన పిచ్చివాడని బెనెడెట్టి గురించి కథ ఒకటి పుస్తకాలకెక్కింది, నమ్మకండి. 1957లో ఇటలీలో చనిపోయాడు. ఆ డిస్కులు, టేపులు అన్నదమ్ముల ఇంట భద్రంగా ఉండి, 1990లో మొజాయిక్ సంస్థ ఏడు సీడీల పెట్టెగా తెచ్చింది.

ఆ పెట్టె మీరు వింటే మొదటి పది నిమిషాల్లో విసుగు పుడుతుంది. పార్కర్ సోలో మొదలవుతుంది, అయిపోతుంది, టక్కున ఆగిపోతుంది. మళ్లీ ఇంకో పాట, ఇంకో సోలో, మళ్లీ టక్కు. కొన్ని ముక్కలు క్షణాల్లో అయిపోతాయి. పాట లేదు, పక్కవాద్యాల వంతు లేదు. న్యూయార్క్ రాత్రుల్లో ఆ వేదిక మీద పార్కర్ పక్కన నిలబడ్డది తరవాత తానూ జాజ్ దిగ్గజమైన మైల్స్ డేవిస్. ఆయన ట్రంపెట్ ఎత్తేసరికి బెనెడెట్టి మీట కట్టేశాడు! ఈ రోజు తలుచుకుంటే గుండె తరుక్కుపోతుంది. కానీ అతని వైపు నుంచి చూడండి. టేపు ఖరీదు. అతనికి కావలసింది చరిత్ర కాదు, పార్కర్ పలుకులు నేర్చుకోవడం. విద్యార్థి నోటు పుస్తకంలో గురువు మాటే రాసుకుంటాడు.

మనవాళ్ల టేపుల్లో కూడా ఇది చూస్తుంటాను. రాగం, పల్లవి నిక్షేపంగా ఉంటాయి. మృదంగం తని ఆవర్తనం అందుకోగానే టేపు తెగి, మళ్లీ మంగళంలో తేలుతుంది. ఆ ఇంటివాళ్లు "ఆ రోజు తని లేదేమో" అంటారు. ఉండే ఉంటుంది. రికార్డరు పక్కన కూర్చున్న మామయ్యగారికి తని అంటే కాఫీ తాగే వేళ, అంతే.

కాబట్టి బెనెడెట్టి పెట్టె ఆధారంగా "1948లో పార్కర్ బృందం ఇలా ఉండేది" అని ఎవరైనా రాస్తే నేను ఒప్పుకోను. "1948లో పార్కర్ సోలో ఇలా ఉండేది" అంటే కళ్లు మూసుకుని ఒప్పుకుంటాను.

మైకు ఎక్కడుందన్నది కూడా అంతే ముఖ్యం. 1965 అక్టోబరు 2న సియాటిల్‌లోని పెంట్‌హౌస్ క్లబ్బులో శాక్సోఫోన్ వాద్యకారుడు జాన్ కోల్‌ట్రేన్ తన ప్రసిద్ధ కృతి 'ఎ లవ్ సుప్రీమ్' మొత్తం వాయించాడు. పట్టింది జో బ్రెజిల్, శాక్సోఫోన్ వాయించే స్థానిక సంగీతకారుడు, కోల్‌ట్రేన్ స్నేహితుడు. ముందు రోజే కోల్‌ట్రేన్‌తో ఒక రికార్డింగులో ఫ్లూట్ వాయించాడు కూడా. టేపు ఆయన దగ్గరే ఉండిపోయింది. ఆయన పోయాక బయటపడి 2021లో విడుదలైంది. అంతకుముందు ఈ కృతి మొత్తంగా వేదిక మీద వాయించిన రికార్డింగు అంటే 1965 జూలైలో ఫ్రాన్స్‌లోని ఆంతిబ్ ఉత్సవంలోది ఒక్కటే తెలుసు. స్టూడియోలో 33 నిమిషాలున్న కృతి సియాటిల్‌లో 75 నిమిషాలు సాగింది. వింటే ఎల్విన్ జోన్స్ డ్రమ్స్ మీద పడ్డట్టుంటాయి, కోల్‌ట్రేన్ కొంచెం వెనక నుంచి వినిపిస్తాడు. దీన్ని విని "ఆ రోజు డ్రమ్స్ మరీ గట్టిగా కొట్టాడు" అని కొందరు రాశారు. డ్రమ్స్‌ మైకుకు దగ్గరగా ఉన్నాయని మాత్రమే దానికి అర్థం. వేరే బల్ల దగ్గర కూర్చున్నవాళ్లకు వేరే కచేరీ వినపడి ఉంటుంది.

టేపు వచ్చాక గొడవ తగ్గిందనుకోకండి. ఏడు అంగుళాల రీలులో 1,200 అడుగుల టేపు పడుతుంది. సెకనుకు ఏడున్నర అంగుళాల వేగంతో పెడితే అరగంట పైచిలుకు. వేగం సగానికి తగ్గిస్తే గంట దాటుతుంది, కానీ డ్రమ్స్ పక్కనుండే సింబల్స్ (ఇత్తడి పళ్లేలు) మెరుపు, పై స్థాయి ధ్వనులు మసకబారతాయి. జేబులో డబ్బు లెక్కపెట్టుకునే అభిమాని ఏది ఎంచుకుంటాడో చెప్పనక్కర్లేదు.

అడిగి పట్టినవాళ్లు, అడగకుండా పట్టినవాళ్లు అని రెండు రకాలు. నాకు ఎప్పుడూ మొదటి రకం మీదే గౌరవం. జాక్ టవర్స్, డిక్ బరిస్ అనే ఇద్దరు కుర్రాళ్లు 1940 నవంబరు 7న నార్త్ డకోటాలోని ఫార్గోలో డ్యూక్ ఎలింగ్టన్ డాన్స్ కచేరీ పట్టారు. అది క్లబ్బు కాదు, బాల్‌రూము, అయినా చెప్పకుండా ఉండలేను. ముందే ఎలింగ్టన్ ఏజెన్సీకి రాసి, అమ్ముకోబోమని మాటిచ్చి, అనుమతి తెచ్చుకున్నారు. 16 అంగుళాల డిస్కులు కావడంతో చాలా పాటలు పూర్తిగా పట్టాయి. ట్రంపెట్ వాద్యకారుడు రే నాన్స్ బృందంలోకి అప్పుడే వచ్చి చేరాడు. బెన్ వెబ్‌స్టర్ వాయించిన 'స్టార్‌డస్ట్' అక్కడే పుట్టింది. దొంగ ప్రతులు ఎన్ని తిరిగినా, సక్రమంగా విడుదలైంది 1978లో. 1980లో దానికి గ్రామీ వచ్చింది. జాక్ టవర్స్ పాత రికార్డింగులు బాగుచేయడంలో పేరున్న మనిషి అయ్యాడు. మా పనివాళ్లకు ఆయన పెద్ద దిక్కు.

రెండో రకానికి మైక్ హారిస్ ఉదాహరణ. 1966 నుంచి 1975 దాకా భార్యతో కలిసి న్యూయార్క్‌లోని విలేజ్ వాన్‌గార్డ్‌కు వెళ్లి, పియానిస్టు బిల్ ఎవాన్స్‌ను చిన్న టేపు రికార్డరుతో చాటుగా పట్టాడు. ఎవాన్స్ 1980లో పోయాడు. అందులోంచి ఎనిమిది సీడీలు 1996లో వచ్చాయి. రహస్యం అన్న సంగతి ఆ పెట్టె పేరులోనే ఉంది: 'ది సీక్రెట్ సెషన్స్'. ఏళ్ల తరబడి ఒకే పాట ఎవాన్స్ చేతిలో ఎలా మారుతూ వచ్చిందో వినాలంటే దీన్ని మించింది లేదు. అయినా నాకు కాస్త ఇబ్బందిగానే ఉంటుంది. కళాకారుడు చెడ్డ రాత్రులను పారేసుకునే హక్కు తనదే అనుకుంటాడు, ఇక్కడ ఆ హక్కు ఎవరో తీసేసుకున్నారు.

తారీఖును, శ్రుతిని అనుమానించండి. ట్రంపెట్ వాద్యకారుడు క్లిఫర్డ్ బ్రౌన్ 1956 జూన్‌లో కారు ప్రమాదంలో పోయాడు. ఫిలడెల్ఫియాలో పట్టిన ఒక రికార్డింగు ఆయన చనిపోవడానికి కొన్ని గంటల ముందుదని ఏళ్ల తరబడి నమ్మారు. జనం దాన్ని కన్నీళ్లతో విన్నారు. తరవాత పరిశోధకులు లెక్కలు తీసి అది 1955 మే నెలదని తేల్చారు. వాయిద్యం అంతే గొప్పది, కథే వేరు.

మంక్, కోల్‌ట్రేన్ కలిసి ఫైవ్ స్పాట్ క్లబ్బులో వాయించిన టేపుదీ అదే గతి. కోల్‌ట్రేన్ భార్య నైమా చిన్న రికార్డరుతో పట్టింది. 1993లో బ్లూ నోట్ అనే రికార్డు సంస్థ విడుదల చేసినప్పుడు 1957 నాటిదన్నారు. నిజానికి 1958 సెప్టెంబరుది, కోల్‌ట్రేన్ ఒక రాత్రికి మరొకరి బదులు వచ్చి వాయించింది. పైగా ఆ మొదటి విడుదలలో వేగం తప్పింది. తరవాతి ముద్రణలో సరిచేశారు. మీ దగ్గర పాత సీడీ ఉంటే దాంతో పాటు గిటారో కీబోర్డో వాయించి చూడండి, శ్రుతి కలవక తల పట్టుకుంటారు.

వేగం సరిచూడటానికి మేము చేసే పని ఒకటి చెబుతాను. క్లబ్బు పియానోను నమ్మలేం, అది ఎప్పుడు శ్రుతి చేశారో దేవుడికెరుక. కానీ కరెంటు అబద్ధం చెప్పదు. అమెరికాలో కరెంటు సెకనుకు 60 సార్లు ఊగుతుంది, మన దేశంలో 50. యాంప్లిఫయరు నుంచి వచ్చే ఆ సన్నని గుయ్యిమనే శబ్దం టేపులోకి ఎక్కుతుంది. ఆ శబ్దం 60 దగ్గర ఉండాల్సింది 57 దగ్గర కనిపిస్తే టేపు ఐదు శాతం నెమ్మదిగా తిరుగుతోందన్నమాట. అంటే దాదాపు ఒక స్వరస్థానం కిందికి. చాలామంది మొదట చేసే పని ఆ గుయ్యిమనే శబ్దాన్ని సాఫ్ట్‌వేరుతో తుడిచేయడం! దయచేసి ముందు కొలిచి, తరవాత తుడవండి. బ్యాటరీ రికార్డరు అయితే ఇంకో చిక్కు: పట్టేటప్పుడు బ్యాటరీ నీరసిస్తే యంత్రం నెమ్మదిస్తుంది. ఈ రోజు మామూలు వేగంతో వేస్తే పాట పోనుపోను శ్రుతి పెరుగుతూ పోతుంది.

ఇక మీకు గరగర తప్ప ఏమీ వినపడకపోవడం. ఫోన్ స్పీకరు మీద వినకండి, హెడ్‌ఫోన్లు పెట్టుకోండి. మొదటి రెండు మూడు నిమిషాలు గరగరనే వినండి, చెవి దానికి అలవాటుపడి పక్కన పెట్టేస్తుంది. ఆ తరవాత ఒక్క వాయిద్యాన్ని పట్టుకుని చివరిదాకా దాని వెంటే వెళ్లండి. మరీ శుభ్రంగా వినిపించే ప్రతిని నేను అనుమానిస్తాను. గరగర అంతా తీసేసినచోట సింబల్స్ నాదం చివరలు, గదిలోని సహజ ధ్వని కూడా పోయి ఉంటాయి. ఒకే రికార్డింగుకు రెండు ప్రతులు దొరికితే కాస్త గోల ఉన్నదే తీసుకోండి.

వరస అంటారా: క్రిస్టియన్ మింటన్స్, తరవాత ఫార్గో, తరవాత ఫైవ్ స్పాట్ (సరిచేసిన ముద్రణ), ఆ తరవాత సియాటిల్. బెనెడెట్టి జోలికి ఇప్పుడే పోకండి. పార్కర్ స్టూడియో రికార్డులు నోటికి వచ్చాక అయితే ఆ ముక్కలు బంగారం.

"నేనూ వెళ్లి పట్టవచ్చా" అని తరవాతి ప్రశ్న వస్తుందని తెలుసు. అమెరికాలో 1994 చట్టం తరవాత ప్రదర్శకుడి అనుమతి లేకుండా పట్టడమే తప్పు. మన దేశంలో 1957 కాపీరైట్ చట్టంలో 38వ సెక్షన్ ప్రదర్శకుడి హక్కులను కాపాడుతుంది. 39వ సెక్షన్ సొంతానికి, బోధనకు, పరిశోధనకు చేసుకునే రికార్డింగుకు మినహాయింపు ఇస్తుంది. సొంతానికి అంటే సొంతానికే, యూట్యూబుకు కాదు. క్లబ్బువాళ్ల నియమాలు వేరే ఉంటాయి. ఏ దేశంలోనైనా వాయించేవాళ్లను ముందుగా అడగండి, పట్టాక ఒక ప్రతి వాళ్లకు పంపండి. చిన్న బృందాలు చాలాసార్లు సంతోషంగా ఒప్పుకుంటాయి. పట్టిన రోజే ఫైలు పేరులో తారీఖు, ఊరు, క్లబ్బు, వాయించినవాళ్ల పేర్లు, మైకు ఎక్కడ పెట్టారో రాసేయండి. మధ్యలో ఆపి ఉంటే ఆపినట్టు కూడా రాయండి.

మీరు విన్నది ఏ రికార్డింగో, ఏ సంస్థ వేసిన ప్రతో కింద రాస్తే అది నిజంగా అంత గరగరగా ఉండాల్సిందేనా, లేక ప్రతే పాడైనదా చెప్పగలను.